పిల్లల చేతిలో ఎన్ని గంటలున్నాయో అడిగి టైంటేబుల్ వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మాది మహబూబాబాద్, మేం మానుకోట అంటాం. రైల్వే స్టేషన్ దగ్గర చిన్న టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. వచ్చినవాళ్లు చదువుకోవడానికి రోజూ మూడు పేపర్లు వేయించుకుంటాను. ఇంటర్ పరీక్షలు అయిపోగానే అన్ని పేపర్ల చదువు పేజీల్లోనూ ఎంసెట్‌కు నెల రోజుల ప్రణాళిక అని ఒక టైంటేబుల్ వస్తుంది. ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్ అయినా మా దగ్గర అందరూ ఎంసెట్ అనే అంటారు. ఆ టైంటేబుల్ గురించే ఈ ఉత్తరం. నేను ఇంటర్ దాకానే చదివాను. అయినా కిందటేడు మా పెద్దమ్మాయి విషయంలో కళ్లారా చూసింది చెప్పాలనిపించింది.

2025లో ఇంటర్ పరీక్షలు మార్చి 25తో అయిపోయాయి. ఇంజనీరింగ్ వాళ్లకు ఎంసెట్ మే 2, 3, 4 తేదీల్లో. అంటే మధ్యలో నెలా పది రోజులు కూడా లేవు. మా అమ్మాయి ఒక పేపర్లో వచ్చిన టైంటేబుల్ కత్తిరించి, మంచం పక్కన గోడకు అన్నం మెతుకులతో అంటించుకుంది. పొద్దున నాలుగున్నరకు లేవడం, రాత్రి పదకొండుకు పడుకోవడం, మధ్యలో పద్నాలుగు గంటల చదువు. భోజనానికి ఇరవై నిమిషాలు.

మా ఇల్లు హోటల్ వెనకాలే. నాలుగింటికి గ్రైండర్ మొదలవుతుంది. నా భార్య చట్నీ చేస్తుంటే అమ్మాయి పల్లీలు వేయించి ఇస్తుంది, ఉల్లిపాయలు కోసి ఇస్తుంది. ఎనిమిదిన్నర దాటితే గానీ ఆ గదిలో మాట వినపడదు. టైంటేబుల్‌లో నాలుగున్నర నుంచి ఏడు దాకా మ్యాథ్స్ అని ఉంది. ఆ పిల్ల ఒక చేతిలో పుస్తకం పట్టుకుని ఇంకో చేత్తో పల్లీలు తిప్పేది. వద్దమ్మా, మేం చూసుకుంటాం అంటే వినలేదు. పొద్దున పోయిన రెండు గంటలు రాత్రి కలుపుకుంటానని ఒంటిగంట దాకా కూర్చునేది. అలా మూడు రోజులు. నాలుగో రోజు ఉగాది. పచ్చడి గిన్నె ముందు పెడితే ముట్టుకోకుండా ఏడ్చింది. "నాన్నా, నాలుగు రోజులకే నలభై గంటలు వెనకబడ్డాను, ఇక నావల్ల కాదు" అంది. ఆ నలభై గంటల లెక్క ఒక కాగితం మీద వేసుకుంది కూడా. చదువుకునే పిల్ల అప్పు పద్దులా రాసుకున్న ఆ కాగితం చూశాక నాకు ఆ రోజు దోసె వేయబుద్ధి కాలేదు.

రోజూ మా దగ్గర రెండు ఇడ్లీలు తిని వెళ్లే లెక్కల సారు ఒకాయన ఉన్నారు. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చెప్పి రిటైర్ అయ్యారు. మర్నాడు ఆయనకు సంగతి చెప్పాను. ఆయన లోపలికి వచ్చి గోడ మీది కాగితం చదివి, "రోజుకు నీ చేతిలో ఎన్ని గంటలున్నాయి బిడ్డా? చదవాల్సినవి కాదు, ఉన్నవి చెప్పు" అని అడిగారు.

ఇద్దరూ కూర్చుని లెక్క వేశారు. పొద్దున రద్దీ తగ్గాక తొమ్మిది నుంచి పన్నెండు. మధ్యాహ్నం హోటల్ మూసి ఉన్నప్పుడు రెండు నుంచి నాలుగు. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది. మొత్తం ఏడు గంటలు. సారు గోడ మీది టైంటేబుల్ తీసేయించి, తిథులు వర్జ్యాలు ఉండే మా హోటల్ క్యాలెండర్ తీసుకుని ఏప్రిల్ గడుల్లో పెన్సిల్‌తో రాయడం మొదలుపెట్టారు. తొమ్మిది నుంచి పన్నెండు పూర్తిగా మ్యాథ్స్‌కే ఇచ్చారు. ఎందుకంటే ఎంసెట్ ప్రశ్నపత్రంలో 160 ప్రశ్నలుంటే 80 మ్యాథ్స్‌వే, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. పైగా ఉదయం పరీక్ష కూడా సరిగ్గా తొమ్మిది నుంచి పన్నెండే. ఆ టైంలో లెక్క చేయడం ఒంటికి అలవాటు కావాలన్నారు.

ఏప్రిల్ గడుల్లో నాలుగు మాత్రం ఖాళీగా వదిలారు. అమ్మాయికి అది నచ్చలేదు. "నాలుగు రోజులు దండగ కదా సార్" అంది. "అవి నీకు ఇప్పుడు తెలియని పనులకమ్మా" అన్నారాయన. ఒకటి శ్రీరామనవమికి పోయింది. మా సందు చివర పందిరి వేసి మైకు పెడితే ఏం చదువుతుంది? ఇంకోటి జ్వరానికి. మూడోది ఏప్రిల్ 22. ఆ రోజు ఇంటర్ ఫలితాలు వచ్చాయి. ముందు రోజు సాయంత్రం నుంచే పిల్ల మనసు పుస్తకం మీద లేదు. పేపర్లలో వచ్చే ఏ టైంటేబుల్‌లోనూ ఫలితాల రోజుకు చోటుండదు. అది అందరి ఇంట్లోనూ వచ్చే రోజే కదా!

చదువు కంటే ముందు సారు ఒక పాత ఎంసెట్ ప్రశ్నపత్రం ఇచ్చి గడియారం పెట్టి రాయించారు. 61 కరెక్టు. 57 తప్పు. 42 ప్రశ్నలు అసలు ముట్టుకోలేదు. ఎందుకు వదిలావంటే, "తెలియనివి వదిలేయమని న్యూస్ పేపర్లో రాశారు సార్" అంది.

సంపాదకులు గారూ, ఇక్కడ కాస్త ఆగి చదవండి. ఆ పేజీలో దేశమంతటికీ కలిపి పెట్టే ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్‌కు, మన ఎంసెట్‌కు కలిపి ఒకటే సలహాలు వేశారు. సారు చెబితేనే నాకు తెలిసింది. జేఈఈ మెయిన్‌లో మూడు గంటలకు 75 ప్రశ్నలు, తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది. అక్కడ తెలియనిది వదిలేయడం మంచిదే. ఎంసెట్‌లో అదే మూడు గంటలకు 160 ప్రశ్నలు, తప్పుకు కోత లేదు. అక్కడ ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. నాలుగు ఆప్షన్లలో ఏదో ఒకటి పెట్టినా ఆ 42లో పది దాకా తగలవచ్చు. 2023 నుంచి తెలంగాణలో ఇంటర్ మార్కుల వెయిటేజీ కూడా లేదు. ర్యాంకు మొత్తం ఈ 160 మీదే. ఒక్క మార్కు అటూ ఇటూ అయితే ర్యాంకు వందల్లో మారిపోతుంది. ఏ పరీక్షకు ఏ సలహానో విడివిడిగా వేయడం పేపర్‌కు పెద్ద పని కాదు.

తప్పు పోయిన 57ను సారు మూడు కుప్పలుగా విడదీయించారు. తెలిసి కూడా తప్పు పోయినవి 23. ఫార్ములా మర్చిపోయినవి 19. అసలు రానివి 15. మేమంతా ఆ పదిహేను గురించే కంగారు పడుతున్నాం. ఆయన మాత్రం ఆ ఇరవై మూడు దగ్గరే కూర్చున్నారు. అందులో ఒక లెక్క నాకు కూడా అర్థమయ్యేలా చెప్పారు. రెండు సమాంతర రేఖల మధ్య దూరం కనుక్కోవాలి. ఒకటి మూడు ఎక్స్ ప్లస్ నాలుగు వై ఈక్వల్స్ అయిదు. రెండోది ఆరు ఎక్స్ ప్లస్ ఎనిమిది వై ఈక్వల్స్ ముప్పై. మా అమ్మాయి ముప్పైలోంచి అయిదు తీసేసి, ఇరవై అయిదును అయిదుతో భాగించి, అయిదు అని పెట్టింది. ఆప్షన్లలో అయిదు ఉంది కూడా. కానీ ముందు రెండో రేఖను సగం చేసి, మూడు ఎక్స్ ప్లస్ నాలుగు వై ఈక్వల్స్ పదిహేను అని మార్చుకోవాలి. అప్పుడు పదిని అయిదుతో భాగిస్తే రెండు. అదీ జవాబు. "ఈ ఫార్ములా నీకు రాదా?" అంటే "వచ్చు సార్" అని తల దించుకుంది. తొందరలో ఎలా తప్పు పోతామో ముందే ఊహించి ఆ ఆప్షన్ అక్కడ పెడతారట.

ఆ రోజు నుంచి తప్పు పోయిన ప్రతి లెక్కా మా హోటల్ ఖాతా పుస్తకంలో రాసింది. పొడుగ్గా ఉంటుంది కదా, ఎడమ పక్క తను చేసిన తప్పు, కుడి పక్క సరైన దారి. మూడు రోజులకొక పాత ప్రశ్నపత్రం, మర్నాడు పొద్దున ఆ తప్పులు మాత్రమే. మాత్రికలు, వెక్టర్లు, సంభావ్యత, వృత్తాలు ముందు పట్టుకున్నారు. కెమిస్ట్రీ మధ్యాహ్నం, ఫిజిక్స్ సాయంత్రం. రొటేషనల్ మోషన్‌లో కష్టమైనవి, ఇంటిగ్రేషన్‌లో పొడుగువి వదిలేయమన్నారు. వదలడానికి పిల్ల ఎంత బాధపడిందో! క్లాసులో ఫస్ట్ వచ్చిన పిల్లకు ఒక పాఠం మీద చెయ్యి తీసేయడం అంత తేలిక కాదు. పరీక్షలో టైం కూడా పంచి ఇచ్చారు. కెమిస్ట్రీకి ముప్పై నిమిషాలు, ఫిజిక్స్‌కు నలభై అయిదు, మ్యాథ్స్‌కు తొంభై అయిదు. చివరి పది నిమిషాల్లో ఖాళీలన్నీ నింపేయాలి.

ఇంతవరకు సారు దయవల్ల గడిచింది. ఇక కంప్యూటర్ దగ్గర ఇబ్బంది పడ్డాం.

2018 నుంచి ఈ పరీక్ష కంప్యూటర్ మీదే. మా ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను. అమ్మాయి మౌస్ పట్టుకున్నది తక్కువ. పరీక్ష వెబ్‌సైట్‌లో నమూనా పరీక్ష ఉచితంగానే ఉంటుంది. అది రాయడానికి కంప్యూటర్ కావాలి కదా. అమ్మాయి చదివిన కాలేజీలో కంప్యూటర్లున్నాయి గానీ, మార్చి చివర నుంచి జూన్ దాకా సెలవులు, గదికి తాళం. బజార్లో నెట్ సెంటర్‌కు తీసుకెళ్లాను. గంటకు ముప్పై రూపాయలు. పక్కన జిరాక్స్ మెషిన్, ఆధార్ పనుల కోసం వచ్చినవాళ్ల మాటలు.

మొదటిసారి రాసి చూస్తే పదకొండు జవాబులు కనపడలేదు. పెట్టానని పిల్ల, లేవని కంప్యూటర్. సంగతేంటంటే, ఆప్షన్ మీద నొక్కితే సరిపోదట. సేవ్ అండ్ నెక్స్ట్ నొక్కాలి. తను ఆప్షన్ పెట్టి, పక్కనున్న నంబర్ల పట్టీలోంచి నేరుగా వేరే ప్రశ్నకు వెళ్లిపోయేది. అలా చేస్తే జవాబు నిలవదు. పదకొండు మార్కులంటే ఆ పిల్లకు దాదాపు వారం రోజుల కష్టం. ఆ రోజు ఆ బల్ల దగ్గర అది తెలియకపోయి ఉంటే వరంగల్ సెంటర్‌లో తెలిసేది కూడా కాదు. మార్కులు తక్కువ వచ్చాయెందుకా అని ఇంట్లో ఏడ్చేది. ఆరు సార్లు తీసుకెళ్లాను, మూడేసి గంటలు, మొత్తం 540 రూపాయలు. నేను పెట్టగలిగాను. మా దగ్గర గిన్నెలు కడిగే ఆమె కొడుకు కూడా అదే పరీక్ష రాశాడు. వాడు రెండోసారి మా అమ్మాయి వెంట వచ్చి, వెనక నిలబడి చూసి నేర్చుకున్నాడు.

మే 3 పొద్దున పరీక్ష. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరని ముందు రోజే వెళ్లి కాజీపేటలో మా చెల్లెలింట్లో పడుకున్నాం. బయటికి వచ్చి, "అన్నీ నింపాను నాన్నా, అన్నీ సేవ్ చేశాను" అంది. 61 దగ్గర మొదలుపెట్టిన పిల్లకు 84 వచ్చాయి. ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలో సీటు వచ్చింది. ఖాతా పుస్తకం హాస్టల్‌కు తీసుకెళ్లింది.

ఈసారి మా చిన్నోడు రాయాలి. మళ్లీ ఆ టైంటేబుళ్లు వేసే రోజులు వస్తున్నాయి కాబట్టి మీకు నా మనవి. పద్నాలుగు గంటల టైంటేబుల్ హాస్టల్ పిల్లలకు వేయండి, కాదనను. దాని పక్కనే ఇంటి పని చేసుకుంటూ ఆరేడు గంటలు మాత్రమే చదవగలిగే పిల్లలకు ఒకటి వేయండి. అందులో ఖాళీ రోజులు ఉంచండి. సేవ్ అండ్ నెక్స్ట్ మాట పెద్ద అక్షరాల్లో వేయండి.

ఇంకోటి మీ ద్వారా అధికారులకు. ఏప్రిల్‌లో ప్రభుత్వ జూనియర్ కాలేజీల కంప్యూటర్ గదులు పొద్దున మూడు గంటలు, తొమ్మిది నుంచి పన్నెండు దాకా, తెరిపించండి. కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. తాళం తీసేవాళ్లు ఒకరు, కరెంటు ఉంటే చాలు. మా ఊళ్లో తెరిస్తే పిల్లల దగ్గర కూర్చుని చూపించడానికి లెక్కల సారు వస్తానన్నారు. ఆ నెల రోజులూ అక్కడికి వచ్చే పిల్లలకు పొద్దున టిఫిన్ నేను పెడతాను.

ఇట్లు,
ఒక టిఫిన్ సెంటర్ యజమాని,
మహబూబాబాద్