ఎంకే-677 వాడేవాళ్లు ముందు షుగర్ చూపించుకోవాలి

సంపాదకులకు,

చదువు కోసం, ఉద్యోగం కోసం చెన్నై వచ్చి పాత మహాబలిపురం రోడ్డు వెంట హాస్టళ్లలో, పీజీల్లో ఉంటున్న మన కుర్రాళ్ల మధ్య ‘ఎంకే-677’ పేరు ఈమధ్య బాగా నలుగుతోంది. సూది అక్కర్లేదు, నోట్లో వేసుకుంటే చాలు, గ్రోత్ హార్మోన్ పెరుగుతుంది, కండ వస్తుంది, నిద్ర బాగా పడుతుంది, ఎత్తు కూడా పెరుగుతారని జిమ్‌లలో చెబుతున్నారు. హార్మోన్ పెరిగే మాట నిజమే. మిగతావి ఎంతవరకు నిజమో, దానికి ఒళ్లు చెల్లించే ఖరీదు ఏమిటో మీ పాఠకులకు తెలియాలని రాస్తున్నాను.

దీని అసలు పేరు ఇబుటమోరెన్. 1990లలో అమెరికాకు చెందిన మెర్క్ కంపెనీ పరిశోధకులు తయారు చేశారు. ఇది గ్రోత్ హార్మోన్ కాదు, స్టెరాయిడ్ కాదు. కండ పెంచుతాయని జిమ్‌లలో వాడే ‘సార్మ్’ మందుల వరుసలో పెట్టి అమ్ముతున్నా ఆ జాతి మందూ కాదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలోని ఒక గ్రాహకానికి (రిసెప్టర్‌కి) అతుక్కుని, ఆ గ్రంథి చేతే హార్మోన్ విడుదల చేయిస్తుంది. 1996లో ఆ గ్రాహకాన్ని గుర్తించారు. మన ఒంట్లో సహజంగా ఆ గ్రాహకం మీద పనిచేసేది గ్రెలిన్ అనీ, అది జీర్ణాశయంలో పుడుతుందనీ జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగావా 1999లో కనుక్కున్నారు. గ్రెలిన్ ఆకలి పుట్టించే హార్మోన్. ఈ మందు దాని పనే చేస్తుంది కాబట్టి రాత్రి భోజనం చేసి పడుకున్నవాడు కూడా లేచి బిస్కెట్ ప్యాకెట్టు కోసం వెతుక్కుంటాడు. ‘ఒళ్లు వస్తోంది’ అని సంబరపడేదానిలో ఈ అదనపు తిండి వాటా కూడా ఉంది.

మనుషుల మీద జరిగిన పెద్ద పరీక్షలు ఏం చూపించాయో చూద్దాం. 60 నుంచి 81 ఏళ్ల మధ్య వయసున్న 65 మంది ఆరోగ్యవంతులకు రోజుకు 25 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి వర్జీనియా విశ్వవిద్యాలయంలో చేసిన అధ్యయనం 2008లో అచ్చయింది. ఏడాదికి మందు వాడినవారిలో కొవ్వు కాని బరువు సగటున 1.1 కిలోలు పెరిగింది, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో అర కిలో తగ్గింది. హార్మోన్ కూడా కుర్రవాళ్ల స్థాయికి చేరింది. కానీ బలం పెరగలేదు, రోజువారీ పనులు చేసే శక్తీ పెరగలేదు. అదే ఏడాది అల్జీమర్స్ రోగులు 563 మంది మీద చేసిన పరీక్ష వివరాలు వచ్చాయి. గ్రోత్ హార్మోన్ ప్రభావంతో ఒంట్లో తయారయ్యే ఐజీఎఫ్-1 అనే మరో హార్మోన్ పన్నెండు నెలల్లో దాదాపు 73 శాతం పెరిగింది, జబ్బు ముదరడం మాత్రం ఏమీ తగ్గలేదు. ఊబకాయం ఉన్న 24 మంది మగవాళ్లకు ఎనిమిది వారాలు ఇచ్చి చూస్తే కొవ్వు తగ్గలేదు సరికదా, గ్లూకోజు తాగించి చేసే పరీక్షలో షుగర్ అదుపు దెబ్బతిన్నట్టు కనిపించింది. తుంటి ఎముక విరిగిన వృద్ధులు 123 మందితో చేసిన పరీక్షనైతే మధ్యలోనే ఆపేశారు. మందు తీసుకున్నవారిలో నలుగురికి, ఉత్తుత్తి మాత్ర వారిలో ఒకరికి గుండె వైఫల్యం వచ్చింది. సంఖ్య చిన్నదే, అయినా ఆపడమే సబబు. గ్రోత్ హార్మోన్ ఎక్కువైతే మూత్రపిండాలు ఉప్పును, దానితో నీటిని పట్టి ఉంచుతాయి. ఆ బరువు మోయాల్సింది గుండె. నిద్ర మాటకు కొంత ఆధారం ఉంది. గాఢనిద్ర పెరిగినట్టు ఒక పరీక్షలో తేలింది. కాకపోతే అది వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందితో చేసిన పని.

జిమ్‌లలో ఎక్కువమంది మోసపోయేది ఈ నీటి దగ్గరే. కాళ్లకింద, చేతుల్లో లోహపు పలకలుండే యంత్రం ఎక్కితే ఒంట్లో కండ ఎంతో, కొవ్వు ఎంతో కాగితం మీద వస్తుంది కదా. ఆ యంత్రం కండను కొలవదు. ఒంట్లోంచి చిన్న కరెంటు పంపి, ఎదురయ్యే నిరోధాన్ని బట్టి నీటిని అంచనా వేసి, దాన్నుంచి కండ లెక్క కడుతుంది. నీరు పడితే కండ పెరిగినట్టే చూపిస్తుంది. మొదటి రెండు మూడు వారాల్లో రెండు కిలోలు పెరిగిందంటే ఈ పరీక్ష చేసుకోండి. సాయంత్రం మోకాలి కింద ముందువైపు ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు గట్టిగా నొక్కి తీయాలి. గుంట పడి నెమ్మదిగా పూడుతుంటే అది నీరు. ఉంగరం బిగుసుకోవడం, సాక్స్ తీశాక గాడి చాలాసేపు అలాగే ఉండటం, తెల్లవారుజామున అరచేతుల్లో తిమ్మిర్లు, ఇవన్నీ అదే కథ. తిమ్మిరికి కారణం మణికట్టు దగ్గర వాపు నరాన్ని నొక్కడం. దీనితోపాటు ఆయాసం గాని, పడుకుంటే దగ్గు గాని ఉంటే ఆ పూటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇక షుగర్. గ్రోత్ హార్మోన్ ఇన్సులిన్‌కు ఎదురుగా పనిచేస్తుంది. వర్జీనియా అధ్యయనంలో పరగడుపు షుగర్ సగటున 5 మిల్లీగ్రాములు పెరిగింది. అయిదే కదా అనిపిస్తుంది. 98 ఉన్నవాడికి అయిదు కలిపితే 103, అంటే మధుమేహానికి ముందు దశలోకి దిగినట్టే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)తో కలిసి ఇదే చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ చేసి 2023లో వెలువరించిన సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, మరో 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉన్నాయి. అమ్మకో నాన్నకో షుగర్ ఉన్న కుర్రాడు ఆ గీతకు దగ్గరలోనే నిలబడి ఉంటాడు. అలాంటివాడు ఈ మందు జోలికి పోవడం నాకు చాలా భయం కలిగించే విషయం.

ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఆపేసి పరీక్షలు చేయించుకోవాలి. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ ఒక్కటే చేయించి, 5.5 వచ్చింది, ఫరవాలేదనుకుంటారు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. మందు మొదలుపెట్టి మూడు వారాలే అయితే ఆ రిపోర్టులో కనిపించేది ఎక్కువగా పాత షుగరే. అందుకని రాత్రంతా కనీసం ఎనిమిది గంటల పాటు ఏమీ తినకుండా ఉండి పరగడుపు షుగర్, 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు మరోసారి, ఈ రెండూ చూడాలి. పరగడుపున 100 నుంచి 125, రెండు గంటలకు 140 నుంచి 199 వస్తే ముందు దశ. పరగడుపున 126, లేదా రెండు గంటలకు 200, ఆపైన వస్తే మధుమేహం, దాన్ని ఇంకో రోజు మళ్లీ చేసి ఖాయం చేసుకోవాలి. మందు మానేసిన రెండు వారాలకు పరగడుపు షుగర్ మళ్లీ చూసి, మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ చూస్తే చిత్రం పూర్తవుతుంది. గ్రోత్ హార్మోన్ పరీక్ష మీద డబ్బు తగలేయొద్దు. అది గాఢనిద్రలో, వ్యాయామం తరవాత విడతలు విడతలుగా విడుదలవుతుంది, ఉదయం ఒక్కసారి తీసిన రక్తంతో ఏమీ తేలదు. నిలకడగా ఉండేది ఐజీఎఫ్-1. దాన్ని కూడా వయసుకు తగిన పట్టికతోనే పోల్చాలి, ఇరవై ఏళ్లవాడి మామూలు అంకె అరవై ఏళ్లవారికి ఎక్కువ. షుగర్ మందులు వాడేవాళ్లు, క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లు దీన్ని ముట్టుకోకూడదు.

సీసా సంగతి కూడా చెప్పాలి. ఇబుటమోరెన్‌కు మన దేశంలోనే కాదు, ప్రపంచంలో ఎక్కడా ఏ జబ్బుకూ అనుమతి రాలేదు. అందుకే లేబుల్ మీద ‘పరిశోధనకు మాత్రమే, మనుషుల వాడకానికి కాదు’ అని చిన్న అక్షరాల్లో వేస్తారు. ఇంటర్నెట్‌లో సార్మ్‌ల పేరుతో అమ్మే 44 ఉత్పత్తులను పరీక్షించిన అమెరికా అధ్యయనం 2017లో వచ్చింది. లేబుల్ మీద రాసిన మోతాదుకు సరిపోయినవి 18. నాలుగింటిలో అసలు మందే లేదు. పదిహేడింటిలో అనుమతి లేని వేరే మందులున్నాయి, వాటిలో ఇబుటమోరెన్ ఒకటి. అంటే దీన్ని కొననివాడి ఒంట్లోకి కూడా ఇది చేరవచ్చు. స్పోర్ట్స్ కోటాలో చదివే విద్యార్థుల క్రీడా జీవితానికే ఇది ముప్పు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ ‘వాడా’ నిషేధ జాబితాలో ఇది పోటీల సమయంలోనూ, బయటా కూడా నిషిద్ధం. పౌడర్లో కలిసిందని నాకు తెలియదంటే చెల్లదు, నాలుగేళ్ల వరకు వేటు పడవచ్చు. డాక్టరు రాసిన మందు నిషిద్ధమో కాదో జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ ‘నాడా’ వారి ‘నో యువర్ మెడిసిన్’ యాప్‌లో చూసుకోవచ్చు. జిమ్ పౌడర్లకు ఆ యాప్ పూచీ ఇవ్వదు.

ఎత్తు కోసం అడిగే తల్లిదండ్రులు ఎక్కువ. ఎముకల చివర ఉండే పెరుగుదల పొర మూసుకుపోయాక ఏ హార్మోనూ అంగుళం కూడా పెంచలేదు. ఎడమ చేతి ఎక్స్‌రేతో ఆ పొర సంగతి తెలిసిపోతుంది. హార్మోన్ కొంత లోపించిన పిల్లల్లో సూదికి బదులుగా ఈ మందును క్లినికల్ ట్రయల్స్‌లో పరీక్షించిన మాట నిజమే. కాని పిట్యూటరీకి స్పందించే శక్తి ఉందో లేదో ముందు ఒక్క మోతాదు ఇచ్చి, రక్తం తీసి చూసి, స్పందించిన పిల్లలనే తీసుకున్నారు. ఇంట్లో చేసే పని కాదది. మీరు చేయగలిగింది కొలవడం. ఉదయం పూట, చెప్పుల్లేకుండా, మడమలు గోడకు ఆనించి, తలమీద గట్టి పుస్తకం అడ్డంగా పెట్టి గీత గీయండి. ఆరు నెలల తరవాత అదే వేళకు మళ్లీ కొలవండి. సాయంత్రానికి మనిషి ఓ సెంటీమీటరు దాకా కుంగుతాడు కాబట్టి వేళ మారితే లెక్క తప్పుతుంది. నాలుగేళ్లు దాటిన పిల్లలు యుక్తవయసుకు ముందు ఏడాదికి నాలుగు సెంటీమీటర్లు కూడా పెరగకపోతే పిల్లల ఎండోక్రైనాలజిస్టుకు చూపించండి.

ఈ కోవ మందులన్నీ పనికిరానివని నేననడం లేదు. పెద్దల్లో హార్మోన్ లోపాన్ని కనిపెట్టే పరీక్ష కోసం మాసిమోరెలిన్‌ను అమెరికాలో 2017లో, క్యాన్సర్ వల్ల చిక్కిపోయే రోగులకు అనమోరెలిన్‌ను జపాన్‌లో 2021లో అనుమతించారు. రెండింటికీ ఎవరికి, ఎంత, ఎందుకు అన్నది స్పష్టంగా ఉంది. మీ ఆరోగ్య పేజీలో ఇలాంటి మందుల గురించి రాసేటప్పుడు పెరిగింది హార్మోన్ అంకెనా, మనిషి బలమా అన్నది, పరీక్షలో పాల్గొన్నవారి వయసును, వాడిన కాలాన్ని తప్పక వేయించమని మనవి.

వాడి ఇబ్బంది పడినవాళ్లు సీసా పారేయకుండా, బ్యాచ్ నంబరుతో సహా డాక్టరుకు చూపించాలి. దేశంలో మందుల దుష్ఫలితాలను నమోదు చేసే విభాగం ఉచిత నంబరు 1800-180-3024. రోగి గాని, ఇంట్లోవాళ్లు గాని నేరుగా ఫోన్ చేయవచ్చు.

– ఔషధశాస్త్ర అధ్యాపకుడు,
అయనావరం, చెన్నై