స్టైపెండ్ పక్కన పని గంటలు కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

బిజినెస్ స్కూళ్లలో సమ్మర్ ప్లేస్‌మెంట్లు మొదలవగానే మీ పేపర్లోనూ, మిగతా పేపర్లలోనూ ఒకే రకం వార్త వస్తుంది. ఫలానా కాలేజీ విద్యార్థికి రెండు నెలలకు ఇన్ని లక్షల స్టైపెండ్ అని, పక్కన ఫొటో. అలాంటి వార్త ఒకటి చూసి మా నాన్న పేపర్ మడిచి నా ముందు పెట్టారు. ఆ తర్వాత ఏప్రిల్, మే నెలల్లో నేనే ముంబైలో బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లోని ఒక ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో ఇంటర్న్‌గా చేసి వచ్చాను. ఆ వార్తల్లో ఎప్పుడూ కనిపించని సంగతి ఒకటి ఉంది, అది చెప్పాలనే ఈ ఉత్తరం.

మాది తెనాలి, నాన్నది ఎరువుల కొట్టు. ఆయనకు బ్యాంకంటే పాస్‌బుక్, పంట రుణం, కౌంటర్. "నిన్ను క్యాష్‌లో కూర్చోబెడతారా అమ్మా?" అని అడిగారు. కాదు నాన్నా, కంపెనీలకు షేర్లు అమ్మించి డబ్బు సమకూర్చడం, ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొంటుంటే ధర కట్టి బేరం కుదర్చడం, పెళ్లిళ్ల పేరయ్య పనిలాంటిదే, కాకపోతే రెండు వైపులా లెక్కల పుస్తకాలు విప్పి చూడాలి అంటే అర్థమైంది.

పొద్దున పదింటికి ఆఫీసుకు వెళ్తాం. మధ్యాహ్నం దాకా పెద్దగా పని ఉండదు, ఎందుకంటే పైవాళ్లు క్లయింట్ల దగ్గర మీటింగుల్లో ఉంటారు. వాళ్లు తిరిగొచ్చి, ముందురోజు మనం పంపిన డెక్, అంటే స్లైడ్ల ప్రజెంటేషన్, తెరిచేసరికి సాయంత్రం ఏడవుతుంది. అప్పుడు ప్రింట్ మీద ఎర్ర పెన్నుతో రాసిన కామెంట్లు ఫొటోలుగా ఫోన్‌కి వస్తాయి, పొద్దున తొమ్మిదికల్లా కొత్త వెర్షన్ కావాలి. అంటే పగలంతా ఎదురుచూపు, అసలు పని రాత్రి. పని లేనప్పుడైనా లేచి వెళ్లొచ్చు కదా అనిపిస్తుంది. వెళ్లొద్దని ఎవరూ అనరు, కానీ చివర్లో పీపీఓ (ప్రీ-ప్లేస్‌మెంట్ ఆఫర్) ఇస్తారా లేదా అన్న టెన్షన్ ఉంటుంది కదా, ఉద్యోగం ముందే చేతికొచ్చే అవకాశం అదొక్కటే, అందుకే పైవాళ్లు కూర్చున్నంతసేపూ మేమూ కూర్చునేవాళ్లం.

ఐదో వారంలో ఒక రాత్రి గురించి చెప్తాను. ఒక కంపెనీకి విలువ కట్టడానికి అదే రంగంలోని తొమ్మిది లిస్టెడ్ కంపెనీల పట్టిక నేను తయారు చేయాలి. కాంప్స్ అంటారు దాన్ని. కంపెనీ షేర్లన్నిటి మార్కెట్ విలువకు అప్పు కలిపి, చేతిలోని నగదు తీసేసి, వచ్చినదాన్ని ఎబిటాతో, అంటే వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు ఉండే లాభంతో భాగించాలి. వచ్చేదాన్ని మల్టిపుల్ అంటారు. లెక్క కష్టమేమీ కాదు, చిక్కంతా యూనిట్లతోనే. ఒక కంపెనీ తన నివేదికలో లక్షల్లో రాస్తుంది, ఇంకొకటి కోట్లలో, మరొకటి మిలియన్లలో. కోటి అంటే పది మిలియన్లని నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ అప్పటికి మూడు రాత్రులుగా నాలుగేసి గంటలే పడుకున్నాను, టైము రెండున్నర దాటింది, ఒక కంపెనీకి మిలియన్లలో ఉన్న అప్పును తీసుకెళ్లి అలాగే కోట్ల కాలమ్‌లో పెట్టేశాను. అప్పు పదింతలైంది. 11 రావాల్సిన మల్టిపుల్ 20 వచ్చింది, దాంతో తొమ్మిది కంపెనీల సగటు ఒకటి పెరిగింది. వినడానికి ఒకటే, కానీ ఎబిటాను ఆ సగటుతో గుణించే కంపెనీ విలువ కడతాం, కాబట్టి ఎబిటా 100 కోట్లు ఉన్న కంపెనీకి ఆ ఒకటి అంటే విలువలో 100 కోట్ల తేడా.

పొద్దున ఆరున్నరకి అసోసియేట్, అంటే నా పని చూసే పై ఆవిడ, అది పట్టుకున్నారు. తిట్టలేదు. "ఎంతసేపు పడుకున్నావ్?" అని అడిగి, కుర్చీ పక్కకు లాక్కుని కూర్చుని, ప్రతి అంకె పక్కన అది ఏ నివేదికలో ఏ పేజీ నుంచి వచ్చిందో, ఏ యూనిట్లో ఉందో ఎలా రాసుకోవాలో చూపించారు. బ్యాలెన్స్ షీట్ చదవడం నాకు నిజంగా వచ్చింది ఆ అరగంటలోనే, రెండు సెమిస్టర్ల క్లాసుల్లో కాదు. అందుకే ఈ పని చెడ్డదని నేననడం లేదు, నాకు నచ్చింది కూడా. కానీ ఆ రాత్రి ఆవిడ కూడా ఇంటికి వెళ్లలేదు.

నా గంటలు నేను డైరీలో రాసుకున్నాను. తక్కువ పనున్న వారం 71, ఎక్కువ ఉన్న వారం 98.

ఇది నా ఒక్కదాని గోడు కాదు. 2013 ఆగస్టులో లండన్‌లో, బ్యాంక్ ఆఫ్ అమెరికా మెరిల్ లించ్‌లో సమ్మర్ ఇంటర్న్‌గా ఉన్న 21 ఏళ్ల జర్మన్ విద్యార్థి తాను ఉంటున్న చోటే చనిపోయాడు. మూర్ఛ వచ్చి చనిపోయాడని విచారణలో తేలింది. అలసట వల్ల మూర్ఛ వచ్చి ఉండొచ్చు గానీ కచ్చితంగా చెప్పలేమన్నారు కరోనర్, అంటే అక్కడ మరణాలపై విచారణ జరిపే అధికారి. 2015లో గోల్డ్‌మన్ శాక్స్ తన సమ్మర్ ఇంటర్న్‌లు అర్ధరాత్రి నుంచి ఉదయం ఏడు దాకా ఆఫీసులో ఉండకూడదని రూలు పెట్టింది. 2021లో అదే సంస్థలో మొదటి ఏడాది అనలిస్టులు 13 మంది తమలో తాము లెక్కేసుకుంటే వారానికి సగటున 95 గంటలు తేలింది. 2024లో జేపీ మోర్గాన్ జూనియర్ బ్యాంకర్లకు చాలా సందర్భాల్లో వారానికి 80 గంటల పరిమితి పెట్టింది. ఆరు రోజులకు పంచితే రోజుకు 13 గంటల పైమాటే, దాన్ని మంచి మార్పుగా చెప్పుకోవాల్సి వస్తోంది.

ఇందులో స్టూడెంట్లకే కాదు, మీ పాఠకులందరికీ సంబంధించిన విషయం ఒకటుంది. మా నాన్న అప్పుడప్పుడు ఐపీఓలకు, అంటే కంపెనీలు జనానికి మొదటిసారి అమ్మే షేర్లకు, అప్లై చేస్తారు, రిటైల్ కోటాలో, రెండు లక్షల లోపు. ఆ ఐపీఓ కోసం షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి ఇచ్చే డీఆర్‌హెచ్‌పీలోని, అంటే కంపెనీ వివరాల ముసాయిదా పత్రంలోని అంకెలకు ఆధారాలు వెతికి సరిచూసే పనిలో కొంత నాలాంటి జూనియర్ల మీదే పడుతుంది. అన్నీ సరిచూశామని సెబీకి సర్టిఫికెట్ ఇచ్చేది బ్యాంకు. నాది దాటిపోకుండా ఒకరు పట్టుకున్నారు, సంతోషం. కానీ ఆ పట్టుకునే మనిషి కూడా నిద్రలేకుండానే ఉంటే ఎలాగండీ? నాన్న కొట్లో కూర్చుని సంపాదించిన డబ్బు ఆ కాగితాల్ని నమ్మే కదా పెడుతున్నారు.

మిమ్మల్ని అడిగేది ఒక్కటే. అక్టోబరు, నవంబరుల్లో మళ్లీ ఆ స్టైపెండ్ వార్తలు వస్తాయి. వేసేముందు కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్‌కి మీ విలేకరి ఇంకో ప్రశ్న వేయాలి, గత ఏడాది ఆ సంస్థకు వెళ్లొచ్చిన పిల్లలు వారానికి ఎన్ని గంటలు పనిచేశారు అని. చెబితే ఆ అంకెను కూడా స్టైపెండ్ అంకె పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. చెప్పకపోతే, అడిగాం చెప్పలేదని వేయండి. అది చూశాక కూడా వెళ్తామనేవాళ్లు వెళ్తారు. నేనూ వెళ్లేదాన్నే, కాకపోతే నాన్నకి ముందే చెప్పి వెళ్లేదాన్ని, రాత్రి మూడింటికి నా ఫోన్ ఆన్‌లైన్‌లో కనిపించినప్పుడల్లా ఆయన కంగారుపడి లేచి కూర్చోకుండా.

ఇట్లు,
ఒక ఎంబీఏ విద్యార్థిని,
తెనాలి.