పండుకు రక్తమిచ్చిన టైగర్‌కూ, వాడిని తీసుకొచ్చిన పెద్దమనిషికీ

ఈరోజు మధ్యాహ్నం మా కుక్క పండు రక్తపరీక్ష రిపోర్టు చేతికి వచ్చింది. పి.సి.వి., అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, 38 అని ఉంది. కుక్కలకు అది 37 నుంచి 55 దాకా ఉండాలని ఈ వేసవికి ముందు మాకు తెలియదు; ఇప్పుడు మా ఇంట్లో అయిదో తరగతి పిల్ల కూడా ఆ అంకె గడగడా చెబుతుంది. నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి కనుక రాతలో తప్పులుంటే మన్నించండి. ఈ కృతజ్ఞతలను రేపటికి వాయిదా వేయడం మాత్రం నాకు ఇష్టం లేదు.

పండు విజయవాడలో మా సత్యనారాయణపురం వీధిలోనే పుట్టిన నాటు కుక్క. వయసు ఆరేళ్ళు, బరువు 18 కిలోలు. అన్నం ముట్టని రోజునే వాడి మూత్రం టీ డికాక్షన్ రంగులో రావడం, చిగుళ్ళు పాలిపోయి పసుపు ఛాయ తేలడం చూసి ఆస్పత్రికి తీసుకువెళ్ళాము. డాక్టరుగారు గాజు పలక మీద ఒక రక్తపు చుక్క వేసి, దానికి సెలైన్ కలిపి, పలకను అటూ ఇటూ వంచి మాకు చూపించారు. పలుచగా పరుచుకోవలసిన రక్తం చిన్న చిన్న ఎర్రని పలుకులుగా విడిపోయి అలాగే నిలిచింది. రోగాల నుంచి కాపాడవలసిన శరీర వ్యవస్థే సొంత ఎర్రకణాలను పరాయివిగా ఎంచి నాశనం చేసే జబ్బు ఇదని, దీన్ని ఇమ్యూన్ మీడియేటెడ్ హీమోలైటిక్ ఎనీమియా అంటారని, మన ప్రాంతంలో దీని వెనుక చాలాసార్లు రక్తం పీల్చే పిడుదుల నుంచి వచ్చే ఎర్లీకియా, బబీసియా వంటి జ్వరాలు ఉంటాయని ఆయన నెమ్మదిగా వివరించారు. పండుకు ఎర్లీకియా ఉన్నట్టు పరీక్షలో తేలింది. ఆ రోజు పి.సి.వి. 14. మరునాటికి 12.

ఆ దాడిని అణచడానికి స్టెరాయిడ్ మొదలుపెట్టారు, ప్రెడ్నిసోలోన్, కిలో బరువుకు రోజుకు 2 మిల్లీగ్రాముల లెక్కన. పిడుదుల జ్వరానికి డాక్సీసైక్లిన్ 28 రోజుల కోర్సు, రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరకుండా క్లోపిడోగ్రెల్. ఈ జబ్బులో రక్తం తగ్గడం ఎంత ప్రమాదమో, ఉన్న రక్తం నాళాల్లో గడ్డకట్టడం కూడా అంతే ప్రమాదమని, మొదటి రెండు వారాలు గడవడమే కష్టమని డాక్టరుగారు దాచకుండా చెప్పారు. అయితే స్టెరాయిడ్ పని చేయడానికి కొన్ని రోజులు పడుతుంది, అప్పటిదాకా ప్రాణం నిలవాలంటే మరో కుక్క రక్తం ఎక్కించక తప్పదు, ఆ కుక్కను మీరే వెతికి తెచ్చుకోవాలి అన్నారు. అప్పటికి సాయంత్రం అయిదు దాటింది.

కుక్కలకూ రక్తపు గ్రూపులు ఉన్నాయని, వాటిలో డి.ఇ.ఏ. 1 అనేది ముఖ్యమైనదని, మనుషుల్లోలా పుట్టుకతో వచ్చే బలమైన ప్రతికణాలు కుక్కల్లో సాధారణంగా ఉండవు కనుక మొదటిసారి ఎక్కించేటప్పుడు పెద్ద ప్రమాదం అరుదని, రెండోసారికి మాత్రం రెండు రక్తాలూ కలుస్తాయో లేదో తప్పక చూడాలని ఆ సాయంత్రమే తెలిసింది. రక్తమిచ్చే కుక్క 25 కిలోలకు పైన ఉండాలి, మరీ ముసలిది కాకూడదు, టీకాలన్నీ వేసి ఉండాలి, దాని రక్తంలో పిడుదుల జ్వరం ఉండకూడదు. వినడానికి తేలికగానే ఉంది. కృష్ణలంక నుంచి ఒక కుర్రవాడు తన జర్మన్ షెపర్డ్‌ను తీసుకొచ్చాడు. కిట్ పరీక్షలో దానికే ఎర్లీకియా తేలింది. పటమట నుంచి వచ్చిన మరో కుక్కదీ అదే కథ. మన ఊళ్ళో పైకి ఆరోగ్యంగా తిరుగుతున్న కుక్కల్లో కూడా ఈ జ్వరం దాగి ఉంటుందని అప్పటిదాకా నేను ఊహించలేదు. ఆ ఇద్దరూ సాయం చేయడానికి వచ్చి, తమ కుక్కలకు మందులు రాయించుకుని వెళ్ళవలసి వచ్చింది.

ఎవరి ద్వారా ఎవరికి చేరిందో తెలియదు కానీ, మేము పంపిన సందేశం ఆటోనగర్‌లో లారీలకు బాడీ కట్టే ఒకాయనకు అందింది. రాత్రి తొమ్మిది గంటల వేళ ఫోను మోగింది. "అమ్మా, మావాడు ముప్పై నాలుగు కేజీలుంటాడు, లాబ్రడారు, పనికొస్తాడా?" అని అడిగారు. వస్తాడని చెప్పి ఇంకా ఏదో వివరించబోతుంటే, "అయితే బండి తీస్తున్నానమ్మా, దారి చెప్పండి" అన్నారు. మేమెవరో, మా కుక్క ఏ జాతిదో, డబ్బు ఎంత ఇస్తారో, ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

ట్రాలీ ఆటో వెనుక గోనెపట్టా పరిచి దాని మీద టైగర్‌ను కూర్చోబెట్టి తెచ్చారు. బయలుదేరే ముందు దానికి స్నానం చేయించి, చెవుల వెనుక, వేళ్ళ సందుల్లో పిడుదులు ఏమైనా ఉన్నాయేమోనని వెతికి మరీ వచ్చారట. టీకాల పుస్తకం పాలిథిన్ కవరులో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఆయన ముంజేతుల నిండా వెల్డింగు మచ్చలు. కిట్ పరీక్ష ఫలితం కోసం మేమంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటే, ఆయన మాత్రం "మావాడికేం ఉండదండీ" అని నమ్మకంగా కూర్చున్నారు. నిజంగానే ఏమీ లేదు.

టైగర్‌కు మత్తు ఇవ్వలేదు. మెడ దగ్గర కాస్త జుట్టు గొరిగి సూది పెట్టారు. 450 మిల్లీలీటర్ల సంచి నిండేదాకా ఆయన నేల మీద గొంతుక్కూర్చుని, దాని గడ్డం కింద అరచెయ్యి పెట్టి, కళ్ళలోకి చూస్తూ ఏవో కబుర్లు చెబుతూనే ఉన్నారు. రేపు పొద్దున్న ఏం వండుతానో, పక్క షెడ్డులో పిల్లి ఎన్ని పిల్లల్ని పెట్టిందో, అవన్నీ. అది కదలలేదు. పూర్తయ్యాక నేను డబ్బు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుని, "మీవాడి పేరేంటమ్మా?" అని మాత్రం అడిగారు. చెప్పాను. "ఒరేయ్, పండు అంట" అని టైగర్‌కు చెప్పి, దానికి గ్లూకోజు నీళ్ళు తాగించి, నమస్కారం పెట్టి మెట్లు దిగారు. వెళ్ళిపోయారనే మేము అనుకున్నాము.

రక్తాన్ని మొదట చుక్కలు చుక్కలుగా వదిలి, ఒళ్ళు దద్దుర్లు తేలడం, జ్వరం రావడం వంటివి లేవని చూసుకుని తరువాత వేగం పెంచారు. నాలుగు గంటల లోపు ముగించాలట. తెల్లవారుజామున మా వారు టీ కోసం కిందికి దిగితే, వీధి దీపం కింద ఆ ట్రాలీ ఆటో అక్కడే ఉంది. టైగర్ గోనెపట్టా మీద, ఆయన డ్రైవరు సీట్లో కాళ్ళు ముడుచుకుని నిద్రలో ఉన్నారు. ఎందుకు వెళ్ళలేదని అడిగితే, "ఈ రక్తం పడకపోతే ఇంకోటి కావాలంటారేమోనని ఉన్నానండీ. గుణదలలో మా బావమరిది దగ్గర ఇంకో పెద్ద కుక్క ఉంది, పక్కనే కదా, పోయి తెచ్చేస్తా" అన్నారట. మా వారు పైకి వచ్చి ఈ మాట చెప్పగానే నాకు దుఃఖం ఆగలేదు. అంతవరకు నేను ఏడవలేదు. డాక్టరుగారు బతకడం కష్టమన్నప్పుడూ ఏడవలేదు, వాడు నా ఒళ్ళో తల కూడా ఎత్తలేకపోయినప్పుడూ ఏడవలేదు. మా రక్తసంబంధీకులలో ఒకరు ఆ సాయంత్రమే "వీధికుక్కకు ఇంత ఖర్చా" అని ఫోను పెట్టేశారు. కూలి పోతే కుదరని ఇంట్లో పుట్టిన మనిషి రాత్రంతా దోమల్లో కూర్చున్నారు. మర్నాడు ఆయన పనికి వెళ్ళలేకపోయారని తరువాత తెలిసింది.

పేరు రాయవద్దని ఆయన గట్టిగా చెప్పారు, అందుకే రాయడం లేదు. పి.సి.వి. అంటే ఏమిటో ఆయనకూ అప్పటిదాకా తెలియదు. ఇప్పుడు మేము పరీక్ష చేయించినప్పుడల్లా సాయంత్రానికి ఫోను వస్తుంది: "నంబరెంతమ్మా?" రక్తం ఎక్కించాక 21 అని చెప్పాను. తరువాత 19కి పడితే ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. స్టెరాయిడ్ ఒక్కటే చాలదని మైకోఫెనొలేట్ అనే మరో మందు చేర్చాక 24, 29, 33. ఈరోజు 38 అనగానే అటు నుంచి ఈల వినిపించింది. ఆ వయసు మనిషి ఈల వేయడం నేను ఊహించలేదు.

మా వారికీ, మా అమ్మాయికీ, గుంటూరు నుంచి వచ్చి ఇంట్లో వంట చూసుకున్న మా అత్తగారికీ వేరే చెప్పనక్కర లేదు, వాళ్ళు చేశారు.

ఒక బాధ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పెంపుడు జంతువుల దుకాణాలు, విదేశీ ఆహారపు సంచులు, కుక్కలకు స్నానాలు చేయించి జుట్టు కత్తిరించే సెలూన్లు ఇన్ని ఉన్న విజయవాడ, గుంటూరు రెండు ఊళ్ళలో, మేము వెతికినంతలో, కుక్కకు కావలసిన ఒక్క సంచి రక్తం ఎక్కడా నిల్వ లేదు. చెన్నైలో మద్రాసు పశువైద్య కళాశాలలో జంతువుల రక్తనిధి ఉంది, పన్నెండు పి.సి.వి.తో ఉన్న ప్రాణిని 400 కిలోమీటర్లకు పైగా ఎవరు తీసుకువెళ్ళగలరు? కావలసినదల్లా ఒక ఫ్రిజ్, కిట్ పరీక్షలు, పరీక్షించి పెట్టుకున్న దాతల జాబితా. ఆ జాబితా ఉంటే టైగర్‌ను వెతకడానికి మాకు నాలుగు గంటలు పట్టేది కాదు. మైకోఫెనొలేట్ మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారు వాడే మందు. ఒక పెద్ద మందుల దుకాణంలో పశువైద్యుల చీటీ చెల్లదని ముఖం మీదే చెప్పి పంపారు. ఇక మా అపార్ట్‌మెంటు వ్యవహారం. కుక్కలు లిఫ్టులో ఎక్కరాదని నోటీసు అంటించారు. నాలుగు మెట్లు ఎక్కితే సొమ్మసిల్లే జంతువును మూడు అంతస్తులు మా వారు చేతుల మీద మోశారు. పెంపుడు జంతువులను లిఫ్టులో ఎక్కించరాదని నివాస సంఘాలు నిషేధించకూడదని జంతు సంక్షేమ మండలి 2015లోనే సర్క్యులర్ ఇచ్చింది. దాని ప్రతిని నోటీసు బోర్డు మీద నేను అంటించాను. మరునాడు చింపేశారు, మళ్ళీ అంటించాను.

జబ్బు పూర్తిగా పోలేదు. స్టెరాయిడ్‌ను రెండు మూడు వారాలకొకసారి నాలుగో వంతు చొప్పున తగ్గిస్తూ పోవాలి, ప్రతి తగ్గింపుకు ముందు రక్తపరీక్ష, మొత్తం మీద అయిదారు నెలలు పడుతుంది. మందును ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు, శరీరమూ తట్టుకోలేదు. ఈ మందుతో వాడికి విపరీతమైన ఆకలి, దాహం. రాత్రి రెండు మూడు గంటలకొకసారి మూత్రానికి కిందికి తీసుకువెళ్ళాలి. పొట్ట ముందుకు వచ్చింది, తొడల కండ కరిగింది. చెత్తబుట్ట మూత తీయడం నేర్చుకున్నాడు. ఇలాంటి మందు మీద ఉన్న కుక్క మీ ఇంట్లో ఉంటే, ఆకలి చూసి జాలిపడి తిండి పెంచకండి, నీళ్ళు మాత్రం ఎప్పుడూ ఆపకండి, టీకాలు వేయించే ముందు డాక్టరును తప్పక అడగండి. పిడుదుల మందు చలికాలంలో కూడా మానవద్దు, మన వైపు వాటికి చలికాలం ఏమీ అడ్డు కాదు.

రాసింది చదువుకుంటే చాలామందిని వదిలేశానని అర్థమైంది. రక్తపు పలుచని పొరను సూక్ష్మదర్శిని కింద చూసి, ఈ జబ్బుకు గుర్తుగా మధ్యలో తెల్లని భాగం లేకుండా గుండ్రంగా మారిన ఎర్రకణాలను మా అమ్మాయికి ఓపికగా చూపించిన గన్నవరం పశువైద్య కళాశాల పీజీ విద్యార్థినికి కృతజ్ఞతలు. ఆ రాత్రి ఖాళీ రక్తపు సంచి, ఫిల్టరు ఉన్న సెట్టు ఎక్కడా దొరకక తిరుగుతుంటే, మూసిన షట్టరు మళ్ళీ ఎత్తి ఇచ్చిన గవర్నరుపేట సర్జికల్ షాపు యజమానిని మొదట్లోనే చెప్పవలసింది. ఆ సంచి లేకపోతే టైగర్ వచ్చీ ప్రయోజనం ఉండేది కాదు. చీటీ చదివి, డాక్టరుకు ఫోను చేసి నిర్ధారించుకుని మైకోఫెనొలేట్ తెప్పించి ఇచ్చిన బ్రాడీపేట మందుల షాపాయన, గుంటూరు నుంచి దాన్ని మోసుకొచ్చిన మా మరిది. కృష్ణలంక కుర్రవాడు, పటమట దంపతులు. మీ కుక్కలకు కోర్సు పూర్తయి ఉంటుంది, మరోసారి పరీక్ష చేయించారో లేదో నాకు చెప్పండి. కోడి లివరు ఉడికించి పంపిన రెండో అంతస్తు మామ్మగారు, ఆవిడ శాకాహారి, వేరే గిన్నె కొని మరీ వండించారు. అర్ధరాత్రి గేటు తాళం తీస్తూ ఒక్కసారి కూడా విసుక్కోని మా వాచ్‌మన్, ఆయన భార్య. వీళ్ళలో ఎవరికైనా డబ్బు బాకీ ఉన్నామేమో, ఆ గందరగోళంలో లెక్క రాసుకోలేదు. ఉంటే దయచేసి ఫోను చేయండి.