స్కాన్ నార్మల్ వచ్చిన పిల్లల సంగతి: నల్లగొండ కలెక్టర్ గారికి ఒక బహిరంగ లేఖ

నల్లగొండ జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

నేను కనగల్ మండలంలో ఆశా కార్యకర్తను. ఇది మా జీతాల గురించి రాస్తున్న లేఖ కాదు. 18 వేల ఫిక్స్‌డ్ వేతనం సంగతి మా యూనియన్ వాళ్లు కలెక్టరేట్ ముందు కూర్చుని చెప్తూనే ఉన్నారు, అది వాళ్లకే వదిలేస్తున్నా. తలకు దెబ్బ తగిలి, స్కాన్ నార్మల్ వచ్చి, మళ్లీ బడికి పోవాల్సిన పిల్లల గురించి మీతో మాట్లాడాలని రాస్తున్నా. వాళ్లలో నా బిడ్డ కూడా ఉంది.

బిడ్డ ఒక బాలికల గురుకులంలో పదో తరగతి చదువుతోంది. ఏ గురుకులమో రాయను. వానాకాలంలో మండల స్థాయి కబడ్డీ సెలక్షన్ల కోసం ప్రాక్టీస్ చేస్తుంటే, రెయిడింగ్‌కు వచ్చిన పిల్ల కాలు పట్టబోయి ఆమె మోకాలు కణతకు తగిలించుకుంది. స్పృహ తప్పలేదు, నెత్తురు రాలేదు, బొప్పి కూడా కట్టలేదు. లేచి నిలబడి "స్కోరెంత?" అని అడిగిందట. చెప్పారు. కాసేపాగి మళ్లీ "స్కోరెంత?" అందట. పిల్లలు నవ్వారు, ఆట నడిచింది, చివరి దాకా ఈమె కూడా ఆడింది.

కంకషన్, అంటే దెబ్బకు మెదడు అదరడం, అయిందనడానికి ఆ రెండోసారి అడిగిన ప్రశ్నే గుర్తు. అప్పుడే కోర్టు బయట కూర్చోబెట్టాలి. ఆ సంగతి గ్రౌండులో ఎవరికీ తెలియదు, తెలిసే ఏర్పాటూ లేదు. కంకషన్ అయినవాళ్లలో చాలామందికి స్పృహ తప్పదు. మనవాళ్లు మాత్రం స్పృహ తప్పిందా, నెత్తురు కారిందా అని రెండే అడిగి, కాలేదంటే "ఏం కాలే" అని తేల్చేస్తారు.

రాత్రి తలనొప్పి, ఒక వాంతి. తెల్లారి స్టాఫ్ నర్సు టౌన్లో ఒక దవాఖానకు తీసుకుపోయి సీటీ స్కాన్ తీయించింది. ఆ నర్సమ్మకు నేను రుణపడి ఉంటా, చాలా చోట్ల అంత మాత్రం కూడా చేయరు. రిపోర్టు నార్మల్. పారాసిటమాల్ రాసి, చీటీ కింద "రెస్ట్" అని ఒక్క మాట రాశారు. ఎన్ని రోజులు? చదవొచ్చా, పరిగెత్తొచ్చా, ఎండలో నిలబడొచ్చా? ఏదీ లేదు. మళ్లీ వాంతులైతే ఏం చేయాలో కూడా లేదు.

సార్, స్కాన్ నార్మల్ అంటే పుర్రె పగల్లేదు, లోపల నెత్తురు గడ్డకట్టలేదు అని. అది చాలా పెద్ద మాటే, కాదనను. కానీ కంకషన్ సీటీలో కనపడదు. దెబ్బకు మెదడు అదిరి, దాని కణాలు పనిచేసే తీరు కొన్నాళ్లు తప్పుతుంది, ఆకారం మాత్రం అట్లనే ఉంటుంది. తర్వాత మేం చూపించుకున్న డాక్టరమ్మ మా ఆయనకు అర్థమయ్యేట్టు చెప్పింది: "బోరు మోటారు బాగానే ఉంది, వోల్టేజీ తక్కువుంది. ఇప్పుడు స్టార్టర్ నొక్కితే కాయిల్ ఏమవుతది?" ఆయన మళ్లీ ప్రశ్న వేయలేదు. లో వోల్టేజీకి మోటార్లు కాల్చుకున్న రైతుకు అంతకంటే చెప్పాల్సింది ఏముంది.

బడిలో మాత్రం మర్నాటి నుంచే స్టార్టర్ నొక్కారు. పొద్దుగాల చీకట్లోనే లేపడం, గ్రౌండులో ప్రార్థన, పగలంతా క్లాసులు, రాత్రి స్టడీ అవర్. పదో తరగతి కాబట్టి స్పెషల్ క్లాసులు అదనం. ఆదివారం నేను చూడబోతే బిడ్డ డైనింగ్ హాల్లో చున్నీ చెవుల చుట్టూ బిగించి కట్టుకుని తింటోంది. వందల మంది పిల్లలు, స్టీలు ప్లేట్లు, రేకుల కప్పు. ఆ చప్పుడు లోపల సుత్తితో కొట్టినట్టు ఉందంది. నోటు పుస్తకం తీసి చూస్తే లెక్కలో ఒకే లైను రెండుసార్లు రాసి ఉంది, మూడో లైను లేదు. బోర్డు మీద చూసి తల దించేసరికి ఎక్కడున్నానో పోతోందట. ఈ పిల్ల లెక్కల్లో క్లాస్ ఫస్టు.

టీచర్లను అడిగితే "స్కాన్ నార్మల్ కదమ్మా" అన్నారు. ఒకాయన "పరీక్షలంటే భయానికి ఇట్ల చేస్తరు" అన్నాడు. వాళ్ల మీద కోపం లేదు. మీ దగ్గర రివ్యూ మీటింగుల్లో పదో తరగతి నూటికి నూరు శాతం రావాలని గట్టిగా చెప్తే, ఆ గట్టిదనం మెట్టు మెట్టుగా దిగి చివరికి పిల్ల నెత్తిన కూర్చుంటుంది. లెక్కల టీచరమ్మ ఒక్కతే నన్ను పక్కకు పిలిచి, "ఇంటికి తీసుకుపోండి, నోట్స్ నేను పంపిస్తా" అంది. అవుట్ పాస్ కోసం మాత్రం, హాజరు తగ్గితే బాధ్యత మాదే అని మాతో రాయించుకున్నారు.

ఇంట్లో సుఖంగా ఉన్నామనుకోకండి. మా అత్తమ్మ మిరపకాయలతో దిష్టి తీసింది, అది సరే. తల దెబ్బ తగిలినోళ్లను నిద్రపోనివ్వద్దని గంటకోసారి లేపబోయింది. డాక్టరు చూసి ప్రమాదం లేదన్నాక నిద్ర మంచిదే. లేపితే లేవని మత్తు, ఎక్కువవుతూ పోయే తలనొప్పి, ఆగని వాంతులు, ఫిట్స్, కాలో చెయ్యో తిమ్మిరెక్కడం, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలా కారడం, ఒక కంటిపాప పెద్దగా ఒకటి చిన్నగా అవడం... ఇవి కనపడితే ఒక్క నిమిషం ఆగకుండా 108. ఇంకోవైపు చుట్టాలు "తల దెబ్బ అని ఊళ్లో చెప్పకు, రేపు పిల్లకు సంబంధాలు రావు" అన్నారు. నల్లగొండ జిల్లాలో ఆడపిల్లకు తలనొప్పి రావడానికి కూడా పెళ్లి సంబంధాల పర్మిషన్ కావాలి కాబోలు.

2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆటల్లో తగిలే తల దెబ్బల మీద డాక్టర్ల అంతర్జాతీయ సమావేశం జరిగింది. అక్కడ ఒప్పుకున్న సంగతులు 2023లో అచ్చయ్యాయి. డాక్టరమ్మ మాకు చెప్పింది అందులోని పద్ధతే. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఫోను తగ్గించడం. అయితే చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టకూడదు, దానివల్ల కోలుకోవడం ఇంకా ఆలస్యమవుతుంది. ఆ రెండు రోజుల తర్వాత మెల్లగా నడక. చదువైతే ముందు ఇంట్లో కాసేపు, తలనొప్పి బాగా పెరగనంత వరకు. తర్వాత ఇంట్లోనే హోంవర్కు. తర్వాత బడికి సగం పూట, ఆ తర్వాత పూర్తి రోజు. పట్లు, మ్యాచ్‌లు మాత్రం చదువు పూర్తిగా కుదురుకున్నాకే. ఆటకూ మెట్లున్నాయి: నడక, పరుగు, ఒంటరి ప్రాక్టీస్, ఒకరినొకరు తాకని డ్రిల్లు, డాక్టరు సరే అన్నాక పట్లు, చివరికి మ్యాచ్. ఒక్కో మెట్టుకు తక్కువలో తక్కువ ఒక రోజు. లక్షణాలు పెరిగితే ఒక మెట్టు కిందికి.

చాలామంది పిల్లలు నాలుగు వారాల్లోపు కోలుకుంటారు. పెద్దవాళ్లకంటే పిల్లలకు, ఈ వయసు వాళ్లకు ఎక్కువ రోజులు పడుతుంది. నాలుగు వారాలు దాటితే మళ్లీ డాక్టరు చూడాలి. మా బిడ్డకు దాటింది. పొద్దున బాగానే ఉండేది, మధ్యాహ్నానికి చిరాకు, చిన్న మాటకు ఏడుపు. తమ్ముడు టీవీ సౌండు పెంచితే రిమోటు విసిరేసేది. ఆ చిరాకు కూడా దెబ్బలో భాగమేనని ముందే చెప్పి ఉంటే, "పొగరెక్కింది" అన్న మాట మా ఇంట్లో ఎవరి నోటా వచ్చేది కాదు. బతుకమ్మ నాటికి పాటల చప్పుడుకు దూరంగా అరుగు మీద కూర్చుని చూసింది. ఇప్పుడు పూర్తి రోజు బడికి పోతోంది. కబడ్డీ ఇంకా మొదలుపెట్టలేదు.

మొదటి దెబ్బ మానకముందే రెండో దెబ్బ తగలడం అన్నిటికంటే భయపడాల్సింది. అరుదే, కానీ ఈ వయసు పిల్లల్లో మెదడు వాచి ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఇట్లనే దెబ్బ తిన్నాక మళ్లీ ఆటలోకి దిగి, తీవ్రమైన వైకల్యం పాలైన ఒక పిల్లవాడి కారణంగా 2009లో చట్టం చేశారు. అనుమానం ఉంటే ఆ రోజే ఆట ఆపాలి, వైద్యుల రాతపూర్వక అనుమతి లేకుండా మళ్లీ దించకూడదు. 2014కల్లా అక్కడి 50 రాష్ట్రాల్లోనూ ఇట్లాంటి చట్టాలు వచ్చాయి. మన కబడ్డీలో తలలకు హెల్మెట్లు లేవు, చాలా బడుల్లో మ్యాట్లు కూడా లేవు, గట్టి నేల మీదే ఆట. ఆట మానిపించమని నేననను. ఆ ఆటే నా బిడ్డకు నోరు తెరిచి మాట్లాడటం నేర్పింది.

తల దెబ్బలకు కారణం ఆటలు ఒక్కటే కాదు. నార్కట్‌పల్లి రోడ్డు మీద, సాగర్ రోడ్డు మీద ముగ్గురేసి బైకు మీద పోయే కాలేజీ పిల్లల్ని మీరూ చూస్తుంటారు. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ హెల్మెట్ పెట్టుకోవాలని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ చెప్తుంది. దాని మీద మీ పోలీసులు ఫైన్లు వేస్తున్నారు, అంతకంటే నేను చెప్పేది లేదు.

నా ఉద్యోగం వల్ల నాకొకటి కళ్లకు కడుతుంది. గర్భిణి నమోదైన రోజే చేతిలో తల్లీబిడ్డల కార్డు. దవాఖానలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో నేను ఆ గడప తొక్కాలి, బిడ్డ బరువు చూడాలి, ఒళ్లు వెచ్చగా ఉందా చూడాలి, రాయాలి. టీబీ ఉన్నవాళ్లకు మందు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు అయిపోతుంది, మళ్లీ పరీక్ష ఎప్పుడు, అన్నీ రాసి ఉంటాయి. 2013 నుంచి ఉన్న ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) కింద బడికి ఏడాదికొకసారి టీమ్ వచ్చి 18 ఏళ్ల లోపు పిల్లల కళ్లు, పళ్లు, గుండె, రక్తం చూస్తుంది. ఆ రోజున తల దెబ్బ తగిలిన పిల్ల ఎదురుపడితే పడినట్టు, లేకపోతే లేదు. అంటే దవాఖాన గేటు దాటాక ఆ పిల్ల ఎవరి లెక్కలోనూ ఉండదు. దవాఖానకు ఆమె డిశ్చార్జి, బడికి ఆమె హాజరు.

అందుకే నేనడిగేది ఒక్క కాగితం, తెలుగులో. జిల్లా విద్యాధికారి (డీఈఓ) గారు, జిల్లా వైద్య ఆరోగ్యాధికారి (డీఎంహెచ్‌ఓ) గారు కలిసి తయారు చేసి, ప్రభుత్వ, ప్రైవేటు, గురుకులం అన్న తేడా లేకుండా జిల్లాలో ప్రతి బడికీ, ప్రతి జూనియర్ కాలేజీకీ పంపాలి. దానికి పైన చెప్పిన ప్రమాద లక్షణాలు ఒకవైపు, మెల్లగా బడికి వచ్చే మెట్లు ఒకవైపు చాలు. డాక్టరు సంతకం, హెడ్‌మాస్టరు సంతకం, తల్లిదండ్రుల సంతకం. ఆ కాగితం ఉన్నన్నాళ్లు సగం పూట వచ్చినా హాజరు వేయాలి, స్టడీ అవర్ నుంచి మినహాయించాలి, బడిలో పెట్టే పరీక్ష తప్పితే తర్వాత రాయించాలి. పబ్లిక్ పరీక్ష నా చేతిలోనూ లేదు, మీ చేతిలోనూ లేదు, దాని జోలికి పోవట్లేదు. ఆటల టీచర్లకు (పీఈటీలకు) ఒక్క పూట శిక్షణ ఇవ్వండి. డాక్టర్లు కానివాళ్లు గ్రౌండులో అనుమానం పట్టడానికి సీఆర్‌టీ6 అనే చిన్న పత్రం ఇప్పటికే ఉంది, కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. ఇంటికొచ్చిన పిల్లను చూసి రావడానికి మమ్మల్ని పంపండి. ఇంకో రిజిస్టరు నెత్తికెత్తుతోందని మా ఆశాలే నన్ను తిడతారు. తిట్టనివ్వండి.

గురుకులాలు సొసైటీల కింద ఉంటాయని, వాటి సెక్రటరీలు హైదరాబాద్‌లో కూర్చుంటారని తెలుసు. అయినా మీరు హాస్టల్ తనిఖీకి వస్తే బియ్యం నుంచి బాత్రూముల దాకా సర్దుకుంటాయని మాకు తెలుసు, వాళ్లకూ తెలుసు. ఈసారి తనిఖీకి పోయినప్పుడు సిక్ రూం ఒకసారి తలుపు తీసి చూడండి. కిటికీకి పరదా ఉందా, డైనింగ్ హాల్ చప్పుడు ఎంత వినిపిస్తోందో ఒక నిమిషం నిలబడి వినండి. తలకు దెబ్బ తగిలిన పిల్లల పేర్లు రాసే పుస్తకం ఏదైనా ఉందా అని నర్సును అడగండి.

వచ్చే ఏడాది బడులు తెరిచాక మళ్లీ మండల సెలక్షన్లు మొదలవుతాయి. జూన్‌లో యూనిఫాంలు, పుస్తకాలతో పాటే ఆ కాగితం బడికి చేరేట్టు చూడమని కోరుతున్నా. పేరు ఎందుకు రాయలేదో మీరు అర్థం చేసుకోగలరు. బిడ్డ ఇంకా ఆ బడిలోనే ఉంది, మార్చిలో పరీక్షలు.

ఇట్లు,
ఒక ఆశా కార్యకర్త,
కనగల్ మండలం, నల్లగొండ జిల్లా