సవ్తా తిథి నిలబెట్టినవాళ్లకు

నిన్నటితో మా సవ్తా పోయి ఏడాది. సవ్తా అంటే హీబ్రూలో అమ్మమ్మ. ఇజ్రాయెల్‌లోని హైఫాలో ఆ యూదు పెద్దావిడ ఇంట్లోనే ఆరేళ్లు పనికి ఉండి చూసుకున్నాను. మొదటి సంవత్సరీకం సరైన రోజున జరిగిందంటే అది నా తెలివి కాదు, కొందరి పుణ్యం. వాళ్లకు దండం పెట్టుకోవడానికే ఈ నాలుగు మాటలు.

సవ్తా పోయింది 2023 మార్చి 1, రాత్రి ఎనిమిదింటికి. టొరంటోలో ఉండే ఆవిడ కొడుకు ఫోన్ చేసి, "విమానాలు సరిగా లేవు, ఈసారి రాలేను. మార్చి 1న అమ్మ పేరిట ఒక కొవ్వొత్తి వెలిగించు" అన్నాడు. నాకు మనసొప్పలేదు. మా నాన్న తద్దినం ఏనాడైనా ఇంగ్లిషు తేదీకి పెట్టామా? పైగా సమాధి రాయి మీద వీళ్ల హీబ్రూ పంచాంగం ప్రకారం అదార్ నెల 9 అని ఉంది. ఫోన్‌లో తేదీ కొట్టి చూస్తే 8 అంటోంది.

ఆ ముడి విప్పింది కింది వాటాలో ఉండే రిటైర్డ్ టీచరమ్మ. "మాకు రోజు పొద్దుగూకడంతోనే మొదలవుతుంది. ఎనిమిదింటికి పోయిందంటే అప్పటికే మర్నాడు" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. ఈ ఏడు (2024), అంటే వీళ్ల లెక్కలో 5784లో, వీళ్లకు అధికమాసం. పందొమ్మిదేళ్లలో ఏడుసార్లు వస్తుందట, అదీ మనలా ఒక్కోసారి ఒక్కో నెలకు కాదు, ఎప్పుడూ అదార్‌కే. సవ్తా పోయిన ఏడు అదార్ ఒక్కటే. ఇప్పుడు రెండున్నాయి. ఏ అదార్‌లో చెయ్యాలి? మా ఇంట్లో అయితే అధికం వదిలేసి నిజమాసంలో పెడతాం. టీచరమ్మదీ అదే మాట, రెండోదే అంది. వాళ్లు మొరాకో నుంచి వచ్చినవాళ్లు, సఫెద్ ఊళ్లో ఉండి ధర్మశాస్త్రం రాసిన యోసెఫ్ కారో చెప్పినట్టు చేస్తారు. సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) గబ్బాయి గారు (మన గుడి ధర్మకర్త లాంటి పెద్దమనిషి) ససేమిరా అన్నారు. "ఆవిడది హంగేరీ. అక్కడివాళ్లకు క్రాకోవ్ రబ్బీ (మతగురువు) మోషె ఇస్సెర్లెస్ మాట ప్రకారం మొదటి అదారే" అని. మెట్ల మీదే అరగంట వాదన! మా ఊళ్లో ఇద్దరు పురోహితులు రెండు పంచాంగాలు పట్టుకుని కూర్చున్నట్టే ఉంది. చివరికి ఫిబ్రవరి 17 సాయంత్రం నుంచి 18 సాయంత్రం దాకా అని తేలింది. మార్చి 1 దాకా ఆగితే పన్నెండు రోజులు దాటిపోయేది.

నా పట్టుదలకు కారణం ఉంది. సవ్తాకి వాళ్లమ్మ పోయిన రోజు తెలీదు. 1944లో హంగేరీ నుంచి ఆష్విట్జ్ నాజీ శిబిరానికి తోలుకుపోయినప్పుడు ఆవిడకి పద్నాలుగేళ్లు. తేదీ తెలియనివాళ్ల కోసం ఇక్కడి రబ్బీలు తెవెత్ నెల 10 కేటాయించారు, మనకు మహాలయ అమావాస్యలాగా. ఏటా ఆ రోజు దీపం పెట్టి, "నా రోజు మాత్రం మీకు తెలుస్తుందిలే" అనేది.

17 శనివారం. సబ్బాతు (వీళ్ల విశ్రాంతి దినం) వెళ్లేదాకా అగ్గిపుల్ల గీయకూడదు. "మూడు చుక్కలు కనిపించాయి, వెలిగించు" అని టీచరమ్మే బాల్కనీలోంచి కేకేసింది. డబ్బాలో ఉండే ఆ కొవ్వొత్తిని నెర్ నెషమా అంటారు, ఆత్మదీపం. ఇరవై నాలుగ్గంటలు వెలుగుతుంది.

ఆదివారం పొద్దున్నే నా ఇప్పటి అమ్మగారి దగ్గర భీమవరం అక్క వచ్చి కూర్చుంది, తన సెలవు మార్చుకుని మరీ. అక్కా, నీ రుణం ఉంచుకోను. ప్రార్థనకు కావలసిన పదిమంది మగవాళ్లూ ఉన్నారు. కొడుకు తరఫున గబ్బాయి గారే కద్దిష్ (పోయినవాళ్ల కోసం చదివే ప్రార్థన) చదివారు. అందులో చావు మాటే ఉండదు, అంతా దేవుడి స్తుతే. టొరంటోలో అప్పుడు అర్ధరాత్రి కావస్తోంది. ఫోన్‌లోంచి "అమేన్" అని వినిపించింది.

బూరెలు వండి పట్టుకెళ్దామనుకున్నాను. కోషర్ (వీళ్ల ఆహార నియమాలు) పట్టింపు వల్ల ఇంటి వంట అక్కడ చెల్లదని గబ్బాయి గారు నొప్పించకుండా చెప్పి, ముద్ర ఉన్న కేకు తనే కొని పంచారు. డబ్బిస్తే పుచ్చుకోలేదు. అక్కణ్ణించి సమాధికి వెళ్లి ఒక చిన్న రాయి పెట్టి వచ్చాను.

టీచరమ్మ మాత్రం తగ్గలేదు. రెండు అదార్లలోనూ చేసేవాళ్లున్నారని గబ్బాయి గారి చేతే ఒప్పించింది. అందుకని ఇంకో నెర్ నెషమా కొనిచ్చింది. వంటింటి అలమరలో ఉంది, మార్చి 18 సాయంత్రానికి.