స్వీడన్ చలికాలం: మన వాళ్లు కూడా స్కీలు కట్టుకోవాలి

ఎడిటర్ గారికి,

నమస్కారం. స్వీడన్‌లో చదువుకునే, ఉద్యోగాలు చేసే మన పిల్లలు చలికాలపు చీకటికి ఎంత దిగులు పడుతున్నారో మీ ఆదివారం వ్యాసంలో రాశారు. అందులో రాసిందంతా నిజమే. నేను తెనాలి నుంచి వచ్చి వెస్టెరోస్‌లో స్థిరపడినదాన్ని. డిసెంబరులో ఆఫీసుకు బయల్దేరేటప్పుడూ చీకటే, ఇంటికొచ్చేటప్పుడూ చీకటే. కానీ మీరు చెప్పిన ఉపాయాలు విటమిన్ డి మాత్రలు, గదిలో పెద్ద దీపం, అమ్మానాన్నలకు వీడియో కాల్. మూడూ ఇంట్లో కూర్చుని చేసేవే. ఈ దేశం వాళ్లు ఆ నెలల్లో ఏం చేస్తారో కూడా రాసి ఉంటే బాగుండేది. వాళ్లు స్కీలు కట్టుకుని బయటికి వెళ్తారు.

స్కీయింగ్ అనగానే మన వాళ్లకు కొండ మీది నుంచి దూసుకు రావడమే గుర్తొస్తుంది. నేను చెప్పేది క్రాస్ కంట్రీ. స్కీలు సన్నగా, పొడవుగా ఉంటాయి. బూటు ముందు భాగమే వాటికి బిగుస్తుంది, మడమ పైకి లేస్తుంది. మంచులో యంత్రంతో రెండు గాడులు వేసి ఉంచుతారు. వాటిలో కాలు తన్ని జారుతూ, చేతికర్రలతో నెట్టుకుంటూ పోవాలి. కాలు తన్నినప్పుడు స్కీ వెనక్కి జారకుండా దాని అడుగున మధ్యభాగంలో ఒక రకం మైనం రాస్తారు. ఆ రోజు చలిని బట్టి మైనం మారుతుంది. తప్పు మైనం పడితే పట్టు దొరకదు, లేదంటే మంచు ముద్దలుగా అంటుకుపోతుంది. ఇప్పుడు మైనం అవసరం లేకుండా నూగు పట్టీలు అతికించిన స్కీలు కూడా వస్తున్నాయి. కొత్తవాళ్లకు అవే మేలు. ఇక్కడి ఊళ్లలో రాత్రిపూట కూడా స్కీ చేసుకోవడానికి అడవి బాటల వెంట దీపాలు పెడతారు. సాయంత్రం నాలుగింటికే చీకటి పడే చోట ఇంతకన్నా ఏం కావాలి?

ఈ ఆటకు పండుగలాంటిది వాసాలొప్పెట్ అనే పందెం. మార్చి మొదటి ఆదివారం సేలెన్ అనే ఊరి నుంచి మోరా అనే ఊరి దాకా 90 కిలోమీటర్లు. డెన్మార్క్ రాజు సైన్యం నుంచి తప్పించుకుంటూ, తర్వాత స్వీడన్ రాజైన గుస్తావ్ వాసా నార్వే వైపు పోతుంటే, మోరా మనుషులు స్కీల మీద వెళ్లి సేలెన్‌లో కలుసుకుని వెనక్కి పిలుచుకొచ్చారని చెబుతారు. ఆ జ్ఞాపకంగా 1922లో మొదలుపెట్టారు. మొదటి ఏడాది బయల్దేరినవాళ్లు 119 మంది, గెలిచిన ఎర్న్‌స్ట్ ఆల్మ్‌కు ఏడున్నర గంటలు పట్టింది. ఇప్పుడు ఆ ఒక్క ఆదివారానికే పదిహేను వేల మంది దాకా పేర్లు నమోదు చేసుకుంటారు.

1923లో మార్గిట్ నోర్దిన్ అనే వ్యాయామ శిక్షకురాలు ఈ పందెం పూర్తిచేసింది. ఆ మరుసటి ఏడాదే ఆడవాళ్లను పందెంలోకి రానివ్వకూడదని నిర్ణయించారు. మళ్లీ అధికారికంగా రానిచ్చింది 1981లో. అంటే మా అమ్మ వయసు స్వీడిష్ ఆడవాళ్లకు కూడా చిన్నప్పుడు ఈ బాట మూసే ఉంది. "మన ఆడపిల్లలకు ఇవన్నీ ఎందుకు" అని నాతో అనేవాళ్లకు ఈ సంగతే చెబుతుంటాను. ఇక్కడి ఆడవాళ్లకు కూడా ఈ హక్కు పుట్టుకతో రాలేదు.

ఉదయం 8 గంటలకు బయల్దేరాక మొదటి మూడు కిలోమీటర్లు ఎక్కుడే. వేల మంది ఒకే కొండ ఎక్కుతుంటారు కాబట్టి ఆగుతూ ఆగుతూ అడుగు వేయాలి. ఆ తోపులాటలో చేతికర్ర విరుగుతుందేమోనన్న టెన్షన్ ఒకటి. అది దాటాక అడవి, బురద నేలల మీద మంచు, గాడుల్లో స్కీల చప్పుడు. స్మోగన్, మాంగ్స్‌బోదర్నా, రిస్‌బెరి అంటూ మజిలీలు వస్తాయి. అక్కడ వేడి బ్లూబెర్రీ సూప్, బన్నులు చేతికి అందిస్తారు. నీరసంతో చేతులు వణికే వేళ ఆ సూప్ కడుపులోకి దిగితే ప్రాణం లేచొస్తుంది. అందించేవాళ్లు ఎక్కువగా చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే. చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి దగ్గర్నుంచి తాతగారి దాకా దారి పక్కన నిలబడి, ఆఖరున వచ్చేవాళ్లను కూడా ముందున్నవాళ్లలాగే కేకలేసి ఉత్సాహపరుస్తారు.

ప్రతి మజిలీకి ఒక గడువు ఉంది. అది దాటగానే బాటకు అడ్డంగా తాడు కడతారు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు 47వ కిలోమీటరు దగ్గర, ఎవర్ట్స్‌బెరిలో, నా ముందే తాడు పడింది. మమ్మల్ని బస్సులో మోరాకు తీసుకెళ్లారు. బస్సులో ఎవరూ సిగ్గుపడలేదు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ వచ్చే ఏడాది ఏ మైనం వాడాలో చెబుతూనే ఉంది. తర్వాత నేను ఓపెట్ స్పోర్‌లో పూర్తిచేశాను. అది ఇదే బాట, ఇదే దూరం, కాకపోతే పోటీ ఉండదు. అసలు పందేనికి వారం ముందు జరుగుతుంది. ఆడవాళ్లకు మాత్రమే 30 కిలోమీటర్ల షేవాసన్ ఉంది. మొదలుపెట్టడానికి అదే సరైన చోటని నా అభిప్రాయం.

మీ వ్యాసం మనసు ఆరోగ్యం గురించి కాబట్టి ఇదీ చెప్పాలి. వాసాలొప్పెట్‌లో పాల్గొన్నవాళ్లను, అలాంటి వయసే ఉన్న మామూలు జనాన్ని కలిపి దాదాపు 4 లక్షల మందిని 21 ఏళ్ల దాకా పరిశీలించి స్వీడన్ పరిశోధకులు 2021లో ఒక అధ్యయనం ప్రచురించారు. స్కీయర్లలో ఆందోళన రుగ్మత దాదాపు 60 శాతం తక్కువ. ముందునుంచీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లే పందేలకు వస్తారు కాబట్టి ఇదంతా స్కీయింగ్ మహిమే అనలేం. ఇంకో సంగతి: బాగా వేగంగా పూర్తిచేసిన ఆడవాళ్లలో, నిదానంగా వచ్చిన ఆడవాళ్లకన్నా ఆందోళన ఎక్కువ కనిపించింది. ఈ పందెంలో ఎక్కువసార్లు పాల్గొన్నవాళ్లకు గుండె లయ తప్పే ముప్పు కొంత పెరుగుతుందని 2013లో వచ్చిన మరో అధ్యయనం చెప్పింది. అందుకే గడియారంతో పోటీ పడమని నేను ఎవరికీ చెప్పను. వారానికి రెండు సాయంత్రాలు దీపాల బాట మీదికి రమ్మంటాను. మార్చిలో ఒక పందెం ఉందని తెలిస్తే జనవరి చీకట్లో బూట్లు వేసుకోవడానికి ఒక కారణం ఉంటుంది.

మంచు చూడని ఊళ్లలో పుట్టినవాళ్లం, మనకెలా వస్తుంది అంటారు. కర్ణాటకలో కొడగు నుంచి వచ్చిన భవాని తెక్కడ నంజుండ ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో ఇదే ఆటలో పతకాలు గెలిచింది. కొడగులో ఎక్కడ మంచు పడుతుంది?

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు ఫోన్ చేసి స్కీకి వెళ్తున్నామంటే "జలుబు చేస్తుంది, వద్దు" అనకండి. ఒకదాని మీద ఒకటి పల్చటి బట్టలు వేసుకున్నారా, టోపీ, గ్లవ్స్ ఉన్నాయా అని అడగండి చాలు. ఇక్కడి తెలుగు సంఘాల పెద్దలకు ఇంకో మనవి. సంక్రాంతికి హాలు బుక్ చేసేటప్పుడే జనవరిలో ఒక ఆదివారం మంచు బాటకూ కేటాయించండి. డబ్బు గురించి ఆలోచించక్కర్లేదు. ఫ్రిటిడ్స్‌బాంకెన్ అని గ్రంథాలయం పుస్తకాలు ఇచ్చినట్టే ఆట సామాన్లు అరువిచ్చే చోట్లు చాలా ఊళ్లలో ఉన్నాయి. అక్కడ స్కీలు, బూట్లు రెండు వారాల పాటు ఉచితంగా ఇస్తారు. కొత్తవాళ్లు ముందుగా నేర్చుకోవాల్సింది పడ్డాక ఎలా లేవాలో. అది నేర్పడానికి నేను వస్తాను.

మీ పాఠకురాలు,
వెస్టెరోస్, స్వీడన్