రంగు తిరిగిన నాణేనికి స్లాబ్ మార్చమని చెప్పకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీలో పాత నాణేల మీద వచ్చిన వ్యాసాన్ని మా అన్నయ్య తెనాలి నుంచి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు, ఇక్కడ టెక్సాస్‌లో కూర్చుని రెండుసార్లు చదివాను. నాణేలంటే మన దగ్గర ఇంకా "ఈ నోటు మీ ఇంట్లో ఉంటే లక్షాధికారి మీరే" లాంటి వార్తలే ఎక్కువ కనిపిస్తాయి, అలాంటిది నాణెం ఎంత బాగుందో చూసి అంకె ఇచ్చే గ్రేడింగ్ అంటే ఏంటో ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా సంతోషమేసింది. కానీ చివర్లో ఒక మాట రాశారండి, ఒక కంపెనీ స్లాబ్‌లో ఉన్న నాణేన్ని ఇంకో పెద్ద కంపెనీ స్లాబ్‌లోకి మార్పించుకుంటే రేటు పెరుగుతుంది అని. రంగు పట్టని మామూలు తెల్ల వెండి నాణేనికి అది కొంతవరకు నిజమే, ఏళ్ళ తరబడి ఉండి పైన రంగులు పట్టిన, అంటే రంగు తిరిగిన నాణేనికి మాత్రం ఆ సలహా ఇవ్వకూడదు. నేను అలాంటి సలహా విని పోగొట్టుకున్నవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

స్లాబ్ అంటే గ్రేడ్ చేసిన నాణేన్ని పెట్టి సీల్ వేసే గట్టి ప్లాస్టిక్ డబ్బా. ఇలా గ్రేడ్ చేసే కంపెనీల్లో అమెరికాలో పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో మొదలయ్యాయి, ఏఎన్ఏసీఎస్ వాళ్ళిద్దరికన్నా పాతది. అందరూ వాడేది 1 నుంచి 70 దాకా ఉండే షెల్డన్ స్కేలే, అంకె ఎంత పెద్దదైతే నాణెం అంత బాగున్నట్టు. స్కేలు ఒకటే అయినా చూసే కళ్ళు వేరు కదా, అందుకే ఒక చోట 65 వచ్చింది ఇంకో చోట 64 రావచ్చు, 66 కూడా రావచ్చు. ఈ ఆశ మీదే మార్పిడి వ్యాపారం అంతా నడుస్తోంది. ఇంకో కారణం కూడా ఉంది, పీసీజీఎస్ రిజిస్ట్రీలో, అంటే సేకరించేవాళ్ళ సెట్లని పోల్చి ర్యాంకులిచ్చే జాబితాలో, సెట్ పెట్టి పోటీ పడాలంటే నాణేలు వాళ్ళ స్లాబ్‌లోనే ఉండాలి, దాని కోసం మార్పించేవాళ్ళూ చాలామందే.

ఇక రంగు సంగతి. వెండికి గంధకం తగిలితే పైన సన్నటి పొర కడుతుంది, మన పూజగదిలో కుందులు నల్లబడేది కూడా దాంతోనే. ఆ పొర మరీ పల్చగా ఉన్నప్పుడు నలుపు కనపడదు, వెలుగు పొర పైనుంచి, కింద నుంచి తిరిగొచ్చి కలిసేటప్పుడు రంగులు పుడతాయి, వానాకాలం రోడ్డు మీద నీళ్ళలో పెట్రోలు చుక్క పడితే వచ్చే రంగుల్లాంటివే. 1878 నుంచి కొట్టిన మోర్గాన్ వెండి డాలర్లు వెయ్యేసి చొప్పున కాన్వాస్ సంచుల్లో అమెరికా ప్రభుత్వ ఖజానాలో దశాబ్దాల తరబడి పడి ఉన్నాయి, 1962 చివర్నుంచి 1964లో ఆపేసేదాకా జనం క్యూలు కట్టి మరీ తెచ్చుకున్నారు. సంచి గుడ్డకి ఆనుకుని ఉన్న కొన్నిటికి ఒక పక్కన ఇంద్రధనుస్సు పట్టింది. ఇప్పుడు అలాంటి వాటికి తెల్లదాని మీద రెండింతలు, మూడింతలు, రంగు మరీ అద్భుతంగా ఉంటే పదింతలు పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు.

నా దగ్గర ఉన్నది 1881లో శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలలో కొట్టిన మోర్గాన్. 2016లో డల్లాస్ దగ్గర ఒక కాయిన్ షోలో తొమ్మిదివందల డాలర్లు పెట్టి కొన్నాను, అదే గ్రేడ్ తెల్లది అప్పుడు రెండొందల లోపే. ఇంట్లో పెద్ద గొడవే అయింది లెండి. కానీ దాన్ని ఒకసారి చూస్తే మీకూ అర్థమయ్యేది, ఎడమవైపు నాణెం మీది లిబర్టీ అమ్మవారి ముఖం దగ్గర తెలుపు, జుట్టు దగ్గరికి వచ్చేసరికి లేత బంగారం, ఆ తర్వాత కుంకుమ, దాని పక్కన నెమలి మెడ నీలం, మళ్ళీ ఒక పసుపు చార, అంచున ఆకుపచ్చ, లెన్స్ పెట్టి చూస్తే ఆ రంగులో సంచి గుడ్డ నేత గళ్ళు కూడా కనపడతాయి. దీపం కింద కొంచెం వంచితే రంగు అడుగునుంచి వెండి మెరుపు చక్రంలా తిరుగుతుంది, మన డబుల్ షేడ్ పట్టుచీర మడత తిప్పినట్టు. స్లాబ్ కూడా చాలా పాతది, గ్రేడ్ 65.

2019లో ఒక డీలరు, ఇంకో కంపెనీవాళ్ళయితే దీనికి 66 ఇస్తారు, రేటు డబుల్ అవుతుంది అన్నాడు. ముందు క్రాస్‌ఓవర్‌కి పంపాను, అంటే స్లాబ్ పగలగొట్టకుండా అలాగే పంపి, కనీసం ఇంత గ్రేడ్ వస్తేనే మార్చండి అని రాసివ్వడం. రాలేదు, పాత డబ్బాలోనే వెనక్కొచ్చింది, ఫీజూ పోస్టేజీ ఇన్సూరెన్సూ పోయాయి. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ప్లాస్టిక్ లోంచి చూస్తే వాళ్ళకి సరిగ్గా కనపడదు, పగలగొట్టి విడిగా పంపు అన్నాడు, నేను గ్యారేజీలో టవల్ చుట్టి పటకారుతో డబ్బా మూల విరిచాను. ఆ టప్‌మన్న చప్పుడు ఇంకా గుర్తుంది నాకు.

ఈసారి నాణెం గ్రేడ్ అంకె లేకుండా వెనక్కొచ్చింది. రంగు అనుమానాస్పదం అని రాసి పంపారు.

ఏ కంపెనీ అన్నది ఇక్కడ రాయను, ఎందుకంటే ఏ కంపెనీలో అయినా ఇది జరగొచ్చు. వాళ్ళ వైపు నుంచి చూడండి, నాణేలకి కెమికల్స్ పట్టించి, ఓవెన్లో పెట్టి, గంధకం పొగ చూపించి రంగులు తెప్పించే మోసగాళ్ళు బోలెడంత మంది, గ్రేడర్ చేతికి ఏ ఆధారం లేకుండా ఒట్టి నాణెం వస్తే నిమిషంలోపే తేల్చాలి, అనుమానం వస్తే వద్దనడమే వాళ్ళకి క్షేమం. పాత స్లాబ్ దానికి సాక్షిగా ఉండేది. ఈ రంగు ఫలానా కాలానికే ఉంది, నిన్నగాక మొన్న పూసింది కాదు అని చెప్పే ఒకే ఒక్క సాక్షి అది, దాన్ని నా చేతులతో నేనే విరిచేశాను. చివరికి మొదటి కంపెనీకే మళ్ళీ పంపితే అదే 65 ఇచ్చారు, కానీ కొత్త డబ్బా కొత్త లేబుల్. అమ్మబోతే కొనేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, ఇంత రంగున్న నాణెం కొత్త స్లాబ్‌లో ఎందుకుంది, ఎక్కడెక్కడ తిరిగొచ్చింది అని. పాత లేబుల్ జాగ్రత్తగా దాచాను, చూపించాను, డబ్బా లేని లేబుల్‌కి విలువ లేదన్నారు, అదీ న్యాయమే. నాకు వచ్చిన పెద్ద ఆఫర్ ఆరువందలు.

ఇంకో విషయం మీ వ్యాసంలో అసలు రాలేదు. ఎన్‌జీసీవాళ్ళు చూడ్డానికి మరీ అందంగా ఉన్న నాణేలకి గ్రేడ్ పక్కన ఒక స్టార్ ఇస్తారు, రంగు నాణేల్లో ఆ స్టార్‌కి విడిగా డబ్బు పెడతారు. పీసీజీఎస్‌లో ఆ స్టార్ లేదు, మారిస్తే అది పోయినట్టే. అలాగే సీఏసీ అని 2007లో మొదలైన సంస్థ, ఇచ్చిన గ్రేడ్‌కి నిజంగా తగినట్టున్న అమెరికా నాణేల స్లాబ్ మీద ఆకుపచ్చ స్టిక్కర్, గ్రేడ్ తక్కువిచ్చారనిపిస్తే బంగారు రంగు స్టిక్కర్ వేస్తుంది. ఆ స్టిక్కర్ ఆ డబ్బాకే, డబ్బా పగిలితే స్టిక్కరూ పోతుంది. 65 లోంచి 65కే మారినా ఈ రెండూ పోతే మీ నాణెం రేటు తగ్గింది కదా, డబ్బా మీద రాసిన కంపెనీ పేరు ఎంత పెద్దదైతే ఏం లాభం?

అసలు రంగు నాణెం కొనేవాడు ముందు రంగు చూస్తాడు, తర్వాతే అంకె, కంపెనీ పేరు ఇంకా తర్వాత. అంకె ఎక్కువున్న మసక నాణెం కన్నా ఒక పాయింట్ తక్కువున్నా నిప్పులా వెలిగేదానికే ఎక్కువ పెట్టడం వేలంపాటల్లో ఎప్పుడూ జరిగేదే. కాబట్టి డబ్బులు ఖర్చు పెట్టాలనుకుంటే మంచి ఫోటో మీద పెట్టమనండి, రంగులు పెంచకుండా ఉన్నదున్నట్టు తీసిన ఫోటో, దాంతోపాటు వంచి తిప్పి తీసిన చిన్న వీడియో, ఎందుకంటే ఫోటోలో రంగు ఎక్కించడం చూసి చూసి కొనేవాళ్ళకి నమ్మకం పోయింది. నాణెం నిజంగానే ఒక గ్రేడ్ తక్కువలో ఉందని బాగా తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు చెబితే క్రాస్‌ఓవర్‌కి పంపండి, కనీస గ్రేడ్ రాసి, స్లాబ్‌తో సహా. రాకపోతే ఫీజు పోతుంది, నాణెం మాత్రం ఉన్నట్టే ఉంటుంది. పగలగొట్టడం మాత్రం వద్దు.

ఇది అమెరికా గొడవ మనకెందుకు అనుకోకండి. మన వెండి రూపాయలు, విక్టోరియావి, జార్జివి, ఇప్పుడు ఇవే కంపెనీల స్లాబుల్లో వస్తున్నాయి, ఇండియాలో వేలాల్లో కూడా అమ్ముతున్నారు. మా అమ్మమ్మ వరలక్ష్మీ వ్రతానికి కలశంలో వేసే రూపాయల్ని ప్రతి ఏడూ చింతపండు పెట్టి తోమేది, అలా తోమినవే ఎక్కువ కాబట్టి తోమకుండా కాగితం పొట్లంలో మిగిలి రంగు తిరిగినవి మన దగ్గర చాలా తక్కువ. అలాంటిది ఒకటి ఎవరికైనా దొరికి, గ్రేడ్ చేయించుకుని, ఆ తర్వాత మీ వ్యాసం చదివి డబ్బా మార్పిద్దామనుకుంటే నా గతే పడుతుంది.

అందుకే అడుగుతున్నానండి, వచ్చే ఆదివారం అదే పేజీలో, ఆ సలహా రంగు తిరిగిన నాణేలకి వర్తించదు అని ఒక్క లైన్ వేయండి. కావాలంటే నా నాణెం ఫోటోలు, పాత లేబుల్‌తో సహా, పంపిస్తాను.

ఇట్లు
మీ పాఠకుడు, ఇర్వింగ్, టెక్సాస్
సొంతూరు తెనాలి